పాత మాస్సీకి పెద్ద కాడి: పత్తిలో ట్రాక్టర్‌తో డౌర కొట్టిన ఒక కేసు

పదకొండు ఎకరాల పత్తి, మూడడుగుల సాళ్లు, 35 హార్స్‌పవర్ పాత మాస్సీ ఫెర్గూసన్ 1035, తొమ్మిది పళ్ల కల్టివేటర్. సాళ్ల మధ్య ట్రాక్టర్ తోలి కలుపు తీద్దామని దిగి, మొదటి రోజు రెండు బార్లకే ఆపేశాం (పొలం ఈ కొస నుంచి ఆ కొసకు ఒక తోలకం ఒక బారు). ఆ రెండు బార్లలో 312 పత్తి కుదుళ్లు పోయాయి. లెక్క ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే, ఆ పొలం రైతు (నేను కాక అని పిలిచేవాణ్ణి) ఆ సాయంత్రం నన్ను వెంట తీసుకుని సాలు పొడవునా నడుస్తూ, పోయిన ప్రతి కుదురు దగ్గరా ఆగి ఒక్కొక్కటిగా లెక్కపెట్టించాడు. ఆ తర్వాత రెండు ఖరీఫ్‌లలో ఆ తప్పును ఎక్కడ పట్టుకున్నామో, ఎంతవరకు దిద్దగలిగామో రాస్తున్నాను. ట్రాక్టర్ రిపేరు నా వృత్తి. అద్దెకు తోలడం పక్కపని. పాత బండ్లు ఉన్నవాళ్లకు, వరస పంటలో దింపాలని చూస్తున్నవాళ్లకు ఇందులో పనికొచ్చే కొలతలు ఉన్నాయి.

మా ఊరు మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో, పెన్‌గంగకు ఇవతలి ఒడ్డున. నది దాటితే ఆదిలాబాద్. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, పొలంలో రెండూ కలిసిన మాట. మేము కలుపు తీతను నిందణ్ అంటాం, నేల పదునుకు రావడాన్ని వాప్స వచ్చిందంటాం. గుంటక లాంటి పనిముట్టుతో సాళ్ల మధ్య తోలడం డౌర కొట్టడం. భూమి నల్లరేగడి. వాన పడితే అంటుకుంటుంది, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది.

ఇది తొంభైల మధ్య సంగతి. 2002లో అనుమతి వచ్చిన బీటీ పత్తి అప్పటికి లేదు. మా వైపు ఎక్కువగా నాందేడ్ పరిశోధనా కేంద్రం వాళ్ల ఎన్‌హెచ్‌హెచ్ 44 హైబ్రిడ్ వేసేవాళ్లు. గింజ పెట్టే పద్ధతి చౌఫులి. మొదటి మంచి వానల తర్వాత ఎడ్లకు మూడు పళ్ల అచ్చు కట్టి పొలాన్ని నిలువుగా గీస్తారు, మళ్లీ అడ్డంగా గీస్తారు. గీతలు కలిసిన ప్రతి చోటా ఆడవాళ్లు రెండేసి గింజలు పెడతారు. మూడడుగులకు మూడడుగులు అంటే కుదురుకి తొమ్మిది చదరపు అడుగులు, ఎకరానికి 4,840 కుదుళ్లు. పోయిన 312 కుదుళ్లు రెండున్నర గుంటల పైరు. పదకొండెకరాల రైతుకి అది పెద్ద నష్టమా అంటే కాదు. కానీ అది రెండు బార్ల నష్టం. అదే లెక్కన పొలమంతా తోలి ఉంటే ఏమయ్యేదో కాక మనసులోనే గుణించుకున్నాడు. నేనూ గుణించుకున్నాను.

బండి సంగతి

మా వైపు అప్పటికి ట్రాక్టర్ అంటే దుక్కికి, ట్రాలీకి, జొన్న నూర్పిడికి. పైరు మొలిచాక పొలంలోకి ట్రాక్టర్ దింపడమంటే పెళ్లి పందిట్లోకి ఎద్దును తోలడమే. పైరు పని ఎడ్లది. కానీ ఆ ఏడాది ఆషాఢంలో ముసురు పట్టి పన్నెండు రోజులు వదల్లేదు. వాన తెరిపి ఇచ్చేసరికి తుంగ, గరిక పత్తి కంటే ఎత్తు లేచాయి. అందరి చేలూ ఒకేసారి పదునుకొచ్చాయి. కూలీలు దొరకలేదు. కాక ఎడ్లలో ఒకదానికి గిట్ట మధ్య పుండు. జత ఎడ్లు బాగుంటే డౌర రోజుకి మూడెకరాలు నడుస్తుంది. ఒంటెద్దుతో నడవదు. అలా కాక నా షెడ్డుకొచ్చాడు.

నా 1035 మూడో చేతి బండి. ఆ మోడల్‌కి మూలం ఇంగ్లండ్‌లో తయారైన మాస్సీ ఫెర్గూసన్ 35. మద్రాసులో 1960లో మొదలైన టాఫే కంపెనీ ఆ కుటుంబం బండ్లను మన దేశంలో నిలబెట్టింది. మూడు సిలిండర్ల డీజిల్ ఇంజను, ఆరు ముందు గేర్లు, రెండు వెనక గేర్లు, మూడు లింకుల హైడ్రాలిక్. బరువు తక్కువ, మలుపు చిన్నది. నేను కొనేనాటికే వయసు మీద పడిన బండి. స్టీరింగ్ పావు చుట్టు తిప్పాక గానీ ముందు చక్రం కదిలేది కాదు. కింది లింకుల గుండ్లు అరిగి, కల్టివేటర్ రెండు వైపులా రెండేసి అంగుళాలు ఊగేది. దుక్కిలో ఇవి ఎవరికీ పట్టవు. సాలు కొంచెం వంకర పోతే ఏమవుతుంది? ఏమీ కాదు. పైరులో పట్టింపు ఉంటుందని నాకు తెలుసు. కానీ ఎంత పట్టింపో తెలియదు.

మొదటి రోజు

కల్టివేటర్ పళ్లలో సాళ్ల మీద పడేవి రెండు తీసేశాను. లో రెండో గేరు వేశాను. కాక కొడుకు ముందు నడుస్తూ చెయ్యి చూపిస్తున్నాడు. పొలం పొడవు 660 అడుగులు, సాలుకి 220 కుదుళ్లు. మొదటి బారు వెళ్తున్నప్పుడు నాకు పైనుంచి బాగానే కనిపించింది. వెనక్కి తిరిగి చూస్తే ఎడమ సాలులో మొక్కలు వరసగా పక్కకు పడుకుని ఉన్నాయి. గొర్రు, అంటే కల్టివేటర్, తగిలితే మొక్క తెగుతుంది, ఇవి తెగలేదు. నలిగాయి. చక్రం పని. రెండో బారులో జాగ్రత్త పడి కుడికి జరిపాను. ఈసారి కుడి సాలు పడుకుంది.

కాక గట్టు మీద నుంచి "థాంబ్, థాంబ్" (ఆగు, ఆగు) అని అరుస్తూ వచ్చాడు. బండి ఆపాక తిడతాడనుకున్నాను. చక్రం పక్కన కూర్చుని జానతో కొలిచాడు.

"బిడ్డా, దుక్కికి నేను చిన్న కాడి కడతా. డౌరకు పెద్ద కాడి కడతా. ఎద్దు సాలు నడుమ నడవాలె గదా. నువ్వు నీ బండికి కాడి మార్చినవా?"

మార్చలేదు. మార్చాలన్న ఆలోచనే నాకు రాలేదు. ట్రాక్టర్ మెకానిక్ అని బోర్డు పెట్టుకున్నవాడిని.

లెక్క

ఆ రాత్రి షెడ్డులో టేపు పెట్టి కొలిచాను. వెనక చక్రాల మధ్య దూరం, అంటే ఒక టైరు నడిమి నుంచి రెండో టైరు నడిమికి, 52 అంగుళాలు. నాగలికీ ట్రాలీకీ అది సరిపోతుంది. నేను కొన్నప్పటి నుంచీ అదే. టైరు మీద 12.4-28 అని రాసి ఉంటుంది. అందులో మొదటి అంకె టైరు వెడల్పు, అంగుళాల్లో.

సాళ్ల దూరం 36 అంగుళాలు. ట్రాక్టర్ రెండు సాళ్లను కాళ్ల మధ్య పెట్టుకుని నడుస్తుంటే, బండి నడిమి గీత నుంచి ఒక్కో సాలు 18 అంగుళాల దూరంలో ఉంటుంది. చక్రం నడిమి 26 అంగుళాల దగ్గర. టైరులో సగం వెడల్పు, ఆరు అంగుళాల పైచిలుకు, తీసేస్తే టైరు లోపలి అంచు 19.8 దగ్గర. మొక్కకీ టైరుకీ మధ్య మిగిలింది రెండు అంగుళాల కంటే తక్కువ. స్టీరింగ్‌లో అంతకంటే ఎక్కువ ఆట ఉంది. అంటే నేను ఎంత జాగ్రత్తగా తోలినా ఏదో ఒక సాలు పోవాల్సిందే. ఎడమది తప్పిస్తే కుడిది. జరిగింది అదే.

చక్రాలు సాళ్ల నడుమ నడవాలంటే వాటి మధ్య దూరం సాళ్ల దూరానికి సరిగ్గా గుణిజం కావాలి. 36 గాని, 72 గాని. ఈ బండికి 36 కుదరదు. 72 కుదురుతుందా? ఫెర్గూసన్ 35 వెనక చక్రాలు 48 నుంచి 76 అంగుళాల దాకా, నాలుగేసి అంగుళాల మెట్లతో జరుగుతాయి: 48, 52, 56, 60, 64, 68, 72, 76. 72 ఉంది. ఆ సంగతి నేను పాత మాన్యువల్‌లో చదివి వదిలేసిన పేజీలోనే ఉంది.

72లో పెడితే చక్రం నడిమి 36 దగ్గర, టైరు లోపలి అంచు 29.8 దగ్గర. సాలు 18 దగ్గర. మధ్యలో దాదాపు పన్నెండు అంగుళాలు. బయటి సాలు 54 దగ్గర, అటు కూడా అంతే. రెండు అంగుళాలు ఎక్కడ, పన్నెండు ఎక్కడ. స్టీరింగ్ ఆట అలాగే ఉన్నా దాన్ని మింగేసేంత చోటు.

చక్రాలు మార్చడం

ఈ బండ్లలో చక్రం రెండు భాగాలు. మధ్యలో గిన్నెలా వంగిన డిస్కు, దాని చుట్టూ టైరు ఉన్న రిమ్. రిమ్ లోపల బోల్టులు బిగించే చెవులు ఒక పక్కకు ఉంటాయి. డిస్కు బోర్లిస్తే ఒక దూరం, రిమ్ తిప్పితే ఇంకో దూరం. వెడల్పు మెట్లకు డిస్కు గిన్నె బయటికి తిరగాలి.

నేనూ, కాక కొడుకూ ఉదయం ఏడుకు మొదలుపెట్టాం. మొదట టైర్లలో నీళ్లు వదిలేశాం. దుక్కిలో పట్టు కోసం టైర్లలో నీళ్లు నింపుతాం కదా, పైరులో ఆ బరువు అక్కర్లేదు, రేగడిని తొక్కి గట్టి చేస్తుంది. నీళ్లు ఉన్న టైరును ఇద్దరు మనుషులు లేపడం కూడా అయ్యే పని కాదు. జాకీ కింద వెడల్పాటి టేకు చెక్క పెట్టాం. వానాకాలం రేగడిలో జాకీ నేలలోకి దిగిపోతుంది. ఒకసారి నా ఎదురుగానే దిగింది కాబట్టి చెప్తున్నాను. బోల్టులు తుప్పు పట్టి రెండు విరిగాయి. మధ్యాహ్నానికి రెండు వైపులా 72 వచ్చింది. ముందు యాక్సిల్ రంధ్రాలు మార్చి అది కూడా అంతే జరిపాం. ముందు చక్రం ఏ సాలు నడుమ నడుస్తుందో వెనక చక్రం అక్కడే నడవాలి.

సంతోషంగా పొలానికి తీసుకెళ్లాం. గట్టు దిగగానే చక్రాలు గిర్రున తిరగడం మొదలైంది. టైరు గట్ల మధ్య మట్టి ముద్ద కట్టుకుపోయి, టైరు కాస్తా రోడ్డు రోలర్‌లా నున్నగా అయింది. దిగి వెనక నిలబడి చూశాను. వెనక నుంచి చూస్తే టైరు గట్లు పైకి ఎక్కుపెట్టిన బాణంలా కనిపించాలి. అప్పుడు మట్టిని పక్కలకు తోసేస్తాయి. మావి కిందికి చూస్తున్నాయి. డిస్కు తిప్పినప్పుడు ఎడమ చక్రం కుడికి, కుడి చక్రం ఎడమకి మార్చాలి. మేము ఏ చక్రాన్ని ఆ వైపే తిప్పి బిగించాం. కాక కొడుకు నా వైపు చూశాడు, నేను జాకీ వైపు చూశాను. ఆ రోజంతా అలా పోయింది. బండిని పైరులోకి తీసుకెళ్లే ముందు వెనక నిలబడి ఒకసారి టైర్లు చూడండి. అర నిమిషం పని.

గొర్రు

మా తొమ్మిది పళ్ల కల్టివేటర్‌లో పళ్లు తొమ్మిదేసి అంగుళాల దూరంలో ఉంటాయి. నడిమి పన్ను సున్నా అనుకుంటే, అటూ ఇటూ 9, 18, 27, 36 దగ్గర మిగతావి. 18 దగ్గరి రెండు పళ్లు సరిగ్గా సాళ్ల మీద పడతాయి. అవి తీసేయాలి. 36 దగ్గరివి చక్రాల వెనకే పడతాయి. చక్రం తొక్కిన నేలను అవే మళ్లీ గుల్ల చేస్తాయి, కాబట్టి వాటిని మిగతా వాటికంటే ఒక అంగుళం కిందికి దించాను. మిగిలిన ఏడు పళ్లలో సాలుకి దగ్గరివి తొమ్మిది అంగుళాల దూరంలో ఉంటాయి. నెల లోపు పైరుకి ఆ దూరం చాలు. తర్వాత వేళ్లు పక్కలకు పాకుతాయి, అప్పుడు అంత దగ్గరగా వెళ్తే కలుపుతో పాటు వేళ్లూ తెగుతాయి.

పక్కలకు ఊగడం ఆపడానికి చెక్ చైన్లు బిగించాను. అరిగిన గుండ్లు మార్చడానికి డబ్బుల్లేవు. దుక్కిలో చైన్లు కొంచెం వదులుండాలని నేర్చుకున్నాం, పైరులో అది తిరగబడుతుంది. ఇంకొకటి హైడ్రాలిక్. ఫెర్గూసన్ పేరు నిలబెట్టిన డ్రాఫ్ట్ కంట్రోల్ నాగలికి చాలా గొప్పది. నేల గట్టిగా తగిలితే టాప్ లింకు ముందుకి నొక్కుతుంది, స్ప్రింగు నలుగుతుంది, నాగలి కాస్త లేస్తుంది. కానీ రెండంగుళాల లోతు డౌరలో ఆ స్ప్రింగును నలిపేంత బరువు పడదు. దాని మీద వదిలేస్తే గొర్రు ఒకచోట గీరుతూ ఒకచోట మునుగుతూ పోతుంది. గొర్రును ఒకే ఎత్తులో పట్టి ఉంచే పొజిషన్ కంట్రోల్‌లో పెట్టి లివరు దగ్గర సుద్దతో గీత గీసుకున్నాను.

మళ్లీ పొలంలోకి

వాప్స కోసం రెండు రోజులు ఆగాం. పిడికెడు మట్టి ముద్ద చేసి నడుము ఎత్తు నుంచి వదిలితే విచ్చిపోవాలి, అతుక్కుని ఉంటే ఆగాలి. ఈ పరీక్ష ఎవరూ కొత్తగా కనిపెట్టలేదు గానీ, ట్రాక్టర్ వాళ్లు అద్దె పోతుందని ఆగరు. మెత్తటి రేగడిని తొక్కితే ఆ ఏడాదంతా ఆ సాలు పక్క వేరు దిగదు.

మొదటి బారు శుభ్రంగా వెళ్లింది. ఒక్క మొక్క కూడా పోలేదు. రెండో బారు కూడా. మూడో బారులో ఎడమ పన్ను సాలు అంచు కొరికింది, ఇరవై ముప్పై మొక్కలు మట్టిలో కప్పబడిపోయాయి. నా చెయ్యి తప్పిందనుకున్నాను. నాలుగు, ఐదు బాగున్నాయి. ఆరో బారులో మళ్లీ అదే. ఏడు, ఎనిమిది బాగున్నాయి. తొమ్మిదిలో మళ్లీ.

చెయ్యి తప్పితే లెక్క ప్రకారం తప్పదు. దిగి సాళ్ల మధ్య దూరాలు వరసగా కొలిచాం. 36, 36, 40. 36, 36, 33. 36, 36, 41.

ఈ కేసులో అసలు విషయం ఇక్కడ దొరికింది. అచ్చుకి మూడు పళ్లు. ఆ మూడు గీతల మధ్య రెండు సందులు కర్ర మీద కొలిచి బిగించినవి, ఎప్పుడూ 36. కానీ ఎడ్లు మళ్లీ తిరిగి వచ్చి పక్కన ఇంకో మూడు గీతలు గీసినప్పుడు, పాత గీతకూ కొత్త గీతకూ మధ్య సందు తోలేవాడి కంటి అంచనా. అదే అతుకు. ప్రతి మూడో సందు అతుకు. నా ట్రాక్టర్ ఒక బారులో వరసగా మూడు సందులు వాడుతుంది: ఎడమ చక్రం సందు, నడిమి సందు, కుడి చక్రం సందు. కాబట్టి ప్రతి బారులోనూ ఒక అతుకు ఉంటుంది. అది చక్రం కింద పడితే ఏమీ కాదు, అక్కడ పన్నెండు అంగుళాల చోటు ఉంది కదా. నడిమి సందులో పడినప్పుడే గొడవ. సందు 41 ఉంటే సాళ్లు నడిమి నుంచి 20 దాటి ఉంటాయి, 27 దగ్గరి పళ్లు వాటికి ఆరంగుళాల దగ్గరికి వచ్చేస్తాయి. దానికి స్టీరింగ్ ఆట, గొర్రు ఊపు కలిస్తే అంతే. రెండేసి సాళ్లు జరుగుతూ పోతే అతుకు నడిమికి వచ్చేది సరిగ్గా మూడో బారులో, ఆరో బారులో, తొమ్మిదో బారులో.

ఎడ్లకు ఇది ఎప్పుడూ సమస్య కాలేదు. ఎద్దు సాలు చూసుకుని అడుగేస్తుంది, తోలేవాడు మేడి మీద చెయ్యి అటూ ఇటూ నొక్కి సర్దుకుంటాడు. అచ్చు తోలినప్పటి తప్పును డౌర రోజు ఎద్దూ మనిషీ కలిసి దాచేవాళ్లు. ట్రాక్టర్ దాచదు, బయటపెడుతుంది.

అప్పటికప్పుడు చేసిన పని సాదాసీదాది. ప్రతి మూడో బారూ వదిలేశాం. కాక తమ్ముడి ఎడ్లను రెండు రోజులు అడిగి తెచ్చి ఆ సాళ్లు డౌర కొట్టించాం. ట్రాక్టర్ మొత్తం ఏడెకరాల చిల్లర తోలింది. ఆరు అడుగుల వెడల్పు, గంటకు మూడు కిలోమీటర్లు, మలుపులతో కలిపి గంటకి దాదాపు ఎకరం లెక్క తేలింది. డీజిల్ గంటకి రెండున్నర లీటర్లు. మొక్కల నష్టం, మొదటి రోజుది వదిలేస్తే, ఎకరానికి 19 కుదుళ్లు. కాక ఇదీ లెక్కపెట్టాడు.

రెండో ఏడు

మర్నాటి ఏడు కాక జూన్ మొదట్లోనే షెడ్డుకొచ్చాడు. కలుపు మాట లేదు, "అచ్చు నీ బండితోనే తోలు" అన్నాడు. నేను చెప్పాలనుకున్నది ఆయనే ముందు అన్నాడు.

చక్రాలు 72లోనే. పోయినేడు ఏ రెండు పళ్లు తీసేశానో ఈసారి ఆ రెండే ఉంచి, మిగతా ఏడూ తీశాను. 18 దగ్గర అటొకటి ఇటొకటి. ఇప్పుడు ట్రాక్టర్ రెండు గీతలు గీస్తుంది, సరిగ్గా 36 దూరంలో. అతుకు సంగతి? కుడి చక్రం నడిమి గీత నుంచి 36 దగ్గర నడుస్తుంది. పక్క బారుకి వచ్చేటప్పుడు ఎడమ చక్రాన్ని పాత కుడి చక్రం జాడలోనే నడిపిస్తే చాలు, కొత్త గీత పాత గీతకు 36 అంగుళాల్లో పడుతుంది. వేరే గుర్తు కర్ర అక్కర్లేదు, చక్రం జాడే గుర్తు. అతుకులు కొలిస్తే ఎక్కడా అంగుళానికి మించి తేడా లేదు. అడ్డగీతలు మాత్రం ఎడ్లతోనే గీశాం, అవి గింజ ఎక్కడ పెట్టాలో చెప్పడానికే కదా.

పొలం రెండు కొసల్లో పదిహేనేసి అడుగులు మలుపు కోసం వదిలేసి, అక్కడ తర్వాత కంది పెట్టించాను. కాకకు ఇది నచ్చలేదు. పత్తి మొక్కలు పోగొట్టి కంది ఇస్తావా అన్నాడు. కానీ వదలకపోతే బండి పైరులోనే తిరగాలి. ఈ బండికి ఒక్కో వెనక చక్రానికి విడి బ్రేకు ఉంటుంది, అది నొక్కితే మలుపు చిన్నదవుతుంది. అయినా పదిహేను అడుగులు కావాలి. కంది పెట్టాల్సిన ఆ కొసల్లో మలుపుల పని అయ్యేదాకా ఎవరూ గింజ పెట్టకుండా చూడటం ఇంకో పని.

ఆ ఏడు మొదటి డౌర విత్తిన 24వ రోజు. రెండోది ఆ తర్వాత పన్నెండు రోజులకు. ఎక్కడా బారు వదలాల్సి రాలేదు. రెండు తోలకాల్లో కలిపి ఎకరానికి ఆరు కుదుళ్లు పోయాయి, అందులో సగం మలుపుల దగ్గర. కుదురు చుట్టూ మిగిలిన కలుపు ఆడవాళ్లే తీశారు, అది ట్రాక్టర్ చేసే పని కాదు. మూడో డౌర ట్రాక్టర్‌తో కుదరలేదు. అప్పటికి పైరు మోకాలు దాటింది, యాక్సిల్ కింద కొమ్మలు వంగి విరగడం మొదలైంది. అక్కడి నుంచి మళ్లీ ఎడ్లే.

ఒక ముచ్చట చెప్పి ముగింపు కొలతలకు వస్తాను. అమెరికాలో కూడా ట్రాక్టర్లు మొదట దుక్కికే. మొక్కజొన్న, పత్తి సాళ్ల మధ్య కలుపు గుర్రాలూ కంచరగాడిదలే చూసుకునేవి. 1924లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్లు ఫార్మాల్ అనే బండి తెచ్చాకే పైరులో ట్రాక్టర్ నిలబడింది. యాక్సిల్ ఎత్తు ఎక్కువ, ముందు చక్రాలు రెండూ దగ్గరగా ఒకే సందులో నడిచేవి. అలాంటి మూడు కాళ్ల బండి మా వైపు నేను ఒక్కటి కూడా చూడలేదు. మాకు వచ్చినవన్నీ నాలుగు కాళ్ల మీద తక్కువ ఎత్తులో నడిచేవే. మా మాస్సీతో పైరు మోకాలు దాటేదాకానే సంసారం.

ఇంకొన్ని గమనించినవి

72లో పెట్టాక ఆ బండితో ట్రాలీ లాగొద్దు. చక్రం బయటికి జరిగిన కొద్దీ యాక్సిల్ బేరింగు మీద బరువు వంచే గుణం పెరుగుతుంది. నేను ఆగస్టులో తొందరపడి రెండు ట్రిప్పులు ఇసుక లాగాను, కుడి వైపు ఆయిల్ సీలు కారడం మొదలైంది. సీలు నా డబ్బుతోనే మార్చుకున్నాను. సీజన్ అయ్యాక తిరిగి 52కి తెచ్చాం, ఈసారి ఎడమ కుడి మర్చిపోలేదు.

ముందు నడిచి చెయ్యి చూపించే మనిషి వల్ల లాభం లేదు. తోలేవాడి కళ్లు ఆ మనిషి మీద ఉంటాయి, సాలు మీద ఉండవు. ముందు చక్రం లోపలి అంచుకీ సాలుకీ మధ్య దూరం ఒక్కటే చూస్తూ తోలాలి, వెనక్కి తిరగకూడదు. వెనక చూసే పని గట్టు మీదివాడిది, తప్పితే అరుస్తాడు. కాక అరవడంలో ఎప్పుడూ లోటు చేయలేదు.

నాలుగడుగుల సాళ్లు వేసేవాళ్లకు లెక్క మారుతుంది. 48 అంగుళాల్లో చక్రాలు పెట్టి ఒక సాలును సరిగ్గా బండి నడుమ పెట్టుకోవచ్చు. 52 నుంచి ఒక్క మెట్టు జరిపితే చాలు, డిస్కు బయటికి తిప్పక్కర్లేదు. కానీ ఆ నడిమి సాలు ఇంజను కింద, గేరుబాక్సు కింద నుంచి పోతుంది. అక్కడ బండి కడుపు ఇంకా కిందికి ఉంటుంది కాబట్టి, పైరు చిన్నగా ఉన్నప్పుడే ఆపేయాలి. నేను ఒకరి పొలంలో ఒక్కసారి చేశాను, మొదటి డౌర వరకే.

రెండో ఏడు పోళా (ఎడ్ల పండుగ) రోజు కాక ఎడ్లకు కొత్త ముకుతాళ్లు, కొమ్ములకు రంగు వేశాడు. కాక మనవడు నా బండి ముందు కూడా ఒక కొబ్బరికాయ కొట్టాడు. కాక దాని గురించి ఏమీ అనలేదు గానీ, అదే సాయంత్రం అద్దె లెక్క తీశాడు.

పొలం పదకొండెకరాలు. వాగు పక్కన మూలకి ముక్కోణంగా ముప్పావు ఎకరం ఉంటుంది. అక్కడ సాళ్లు ఒక్కోటీ ఒక్కో పొడవు, బండి తిరగడానికి చోటు లేదు, అచ్చు రోజు కూడా అది ఎడ్లతోనే గీయించాం. నేను పదకొండెకరాలకు అడిగాను. వాగు ముక్కలోకి కూడా ఒకసారి బండి దింపి చూశాను కదా, డీజిల్ అయింది కదా అని నా వాదన.

"దింపినవు, మళ్లిచ్చినవు. సాలు గీసినవా?" అన్నాడు కాక.

పదీ పావు ఎకరానికే ఇచ్చాడు.